విలన్ల జంట మనసుకు ఎందుకు నచ్చుతుంది? ‘హార్లీ అండ్ ఐవీ’ ఎపిసోడ్‌లో దొరికే జవాబు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. నగరాన్ని కాపాడే ఒక సూపర్‌హీరో మీద పిల్లల యానిమేషన్ సీరియల్ రాస్తున్నారు. అందులో ఒక ఎపిసోడ్ మొత్తాన్ని పీచు, మిఠాయి అనే ఇద్దరు దొంగల మీద నడపాలనుకుంటున్నారు. నిడివి 22 నిమిషాలు. నవ్వించే కథ. చూసేవాళ్లు దొంగలను ఇష్టపడాలి, హీరో మాత్రం చిన్నబోకూడదు. నిర్మాతేమో "చివర్లో ఇద్దరినీ మంచివాళ్లుగా మార్చేయండి, ఏ గొడవా ఉండదు" అంటున్నారు. మార్చకపోతే దొంగతనాన్ని మెచ్చుకున్నట్టు అవుతుందేమోనని మీ భయం. మొదటి సీను కూడా పంపారు. బ్యాంకులోకి దూరి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడటం, తిట్టుకోవడం, హీరో వచ్చి పట్టుకోవడం.

చాలా ఏళ్లుగా యానిమేషన్ సీరియళ్లకు కథలూ స్టోరీబోర్డులూ (సీన్లను వరసగా గీసే బొమ్మలు) చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, మార్చకండి. దొంగతనం మానేసినంత మాత్రాన ఎవరూ ముద్దు రారు. చెడ్డపనికి బయలుదేరిన ఇద్దరిలో ఒకరు రెండోవారిని ఎంత శ్రద్ధగా చూసుకుంటారో కనబడినప్పుడే ప్రేక్షకుడి మనసు కరుగుతుంది. మీరు పంపిన సీనులో దొంగతనం ఉంది, పడటం లేవడం ఉంది, ఆ శ్రద్ధ మాత్రం లేదు. లోటంతా అక్కడే ఉంది. మిగతావన్నీ సర్దుకునేవే.

ఇలా అడిగినవాళ్లందరికీ నేను ఒక ఎపిసోడ్ చూడమంటాను. 1992లో అమెరికాలో ఫాక్స్ చానల్‌లో మొదలైన బ్యాట్‌మన్ యానిమేషన్ సీరియల్‌లోని ‘హార్లీ అండ్ ఐవీ’. 1993 జనవరి 18న ప్రసారమైంది. రచన పాల్ డీని, దర్శకత్వం బాయ్డ్ కర్క్‌లాండ్. ఆ సీరియల్‌లో 85 ఎపిసోడ్లు ఉన్నాయి, చాలావరకు బరువైన కథలే. దాని చూపులోనే ఒక చీకటి ఉంటుంది. నేపథ్య చిత్రాలను ఆ సీరియల్ సృష్టికర్తల్లో ఒకరైన ఎరిక్ రాడోమ్‌స్కీ తెల్ల కాగితం మీద కాకుండా నల్ల కాగితం మీద వేయించాడు. రంగు తగిలిన చోటే వెలుగు, తగలని చోటంతా రాత్రి. అటువంటి గోథమ్ నగరంలో ఇద్దరు ఆడదొంగలు కేరింతలు కొడుతూ కారులో తిరుగుతుంటే ఆ ఉత్సాహం రెండింతలుగా కనిపిస్తుంది. మీ సీరియల్‌లో అన్ని వీధులూ ఎండలో మెరుస్తూనే ఉంటాయని రాశారు. ఈ ఒక్క ఎపిసోడ్‌కైనా రాత్రిని వాడుకోండి. హాస్యం నిలబడటానికి దాని వెనక కాస్త గంభీరత ఉండాలి.

ఆ ఇద్దరూ ఎవరో చెబుతాను, ఎపిసోడ్ చూడని వారికి పనికొస్తుంది. పాయిజన్ ఐవీ పాత విలన్, 1966 నుంచే కామిక్స్‌లో ఉంది. మొక్కలంటే ప్రాణం, మనుషులంటే చిరాకు. విషాలు ఆమెను ఏమీ చేయలేవు. హార్లీ క్విన్ కామిక్స్‌లో పుట్టలేదు. 1992 సెప్టెంబర్‌లో వచ్చిన ఒక ఎపిసోడ్ కోసం పాల్ డీని, సీరియల్ సృష్టికర్తల్లో ఇంకొకరైన బ్రూస్ టిమ్ కలిసి సృష్టించిన పాత్ర. బ్యాట్‌మన్ బద్ధశత్రువైన జోకర్ పక్కన నిలబడి, అతడి మాటలకు నవ్వి, ఒక్కసారితో వెళ్లిపోవలసిన మనిషి. డీనికి కాలేజీ రోజుల నుంచి స్నేహితురాలైన ఆర్లీన్ సార్కిన్ ఒక టీవీ సీరియల్‌లోని కలల సన్నివేశంలో విదూషక వేషం వేసింది. అది చూసి అతడికి ఈ ఆలోచన వచ్చింది, గొంతు కూడా ఆమెదే పెట్టారు. పాత్ర జనానికి ఎంత నచ్చిందంటే మరుసటి ఏడాది కామిక్స్‌లోకి వెళ్లింది. 1994లో ‘మ్యాడ్ లవ్’ అనే కామిక్ ఆమె గతాన్ని చెప్పి, ఆ రంగంలో పెద్దగా చెప్పుకునే ఐస్నర్ అవార్డు తెచ్చుకుంది. అతిథిగా వచ్చిన మనిషి ఇంటిమనిషి అయిపోయింది. అందుకు పెద్ద కారణం ఆమెకు ఐవీ అనే తోడు దొరకడమే అని నా నమ్మకం. జోకర్ పక్కన ఉన్నంతసేపు ఆమె అతడి నీడ. ఐవీ పక్కన నిలబడ్డాక మనిషి అయింది.

కథ చాలా చిన్నది. ఒక దోపిడీ చెడిపోతుంది. తప్పంతా హార్లీదేనని జోకర్ ఆమెను గెంటేస్తాడు. తనూ ఏదో సాధించగలనని చూపించాలని ఆమె ఒంటరిగా మ్యూజియంలోకి దూరి వజ్రం దొంగిలించబోతుంది. అదే రాత్రి అదే భవనంలో మొక్కల విషాల కోసం వచ్చిన ఐవీ ఎదురవుతుంది. అలారం మోగుతుంది. ఇద్దరూ కలిసి తప్పించుకుంటారు. అక్కడి నుంచి వరుస దోపిడీలు. పత్రికలు వాళ్లను నేరలోకానికి కొత్త రాణులంటాయి. అది చదివి జోకర్ రగిలిపోతాడు. ఇంతలో హార్లీకి అతడి మీద బెంగ. ఉండబట్టలేక ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్‌తో వాళ్ల స్థావరం బయటపడుతుంది. జోకర్ వస్తాడు, బ్యాట్‌మన్ కూడా వస్తాడు.

ఇందులో నేను పదేపదే ఆపి చూసేది మ్యూజియం సీనుకు తర్వాత వచ్చే ఘట్టం. ఐవీ కాపురం విషరసాయనాలు పారబోసే చోట. మామూలు మనిషి ఆ గాలి పీలిస్తే బతకడం కష్టం. హార్లీని తన ఇంటికి తెచ్చుకున్న ఐవీ మొదట చేసే పని, ఆమెకు విషం పట్టకుండా తను తయారుచేసిన ఇంజెక్షన్ ఇవ్వడం. దానికోసం పెద్ద మాటలేమీ లేవు, ఏడుపు సంగీతం లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చినంత మామూలుగా జరిగిపోతుంది. మనుషులంటే గిట్టని ఐవీ ఒక్క మనిషిని బతికించుకోవాలనుకుంది. అది ఆమె నోటితో చెప్పించకుండా చేతితో చేయించాడు రచయిత. ఆ క్షణం నుంచి వాళ్లు బ్యాంకు దోచినా, ఇంకేం చేసినా మనం వాళ్ల పక్షమే. ఇంతా చేస్తే అది ఒక నిమిషం కూడా పట్టని సీను.

మీ కథలో అటువంటి పని ఏదో ఒకటి మొదటి ఐదు నిమిషాల్లో జరగాలి. పీచు, మిఠాయి ఎంత స్నేహితులో చెప్పే డైలాగులు అక్కర్లేదు. నిజానికి మీరు రాసిన "నువ్వు లేకపోతే నేను లేను రా" అనే మాట తీసేయమనే నా సలహా. అది ప్రేక్షకుడు తనంతట తానుగా అనుకోవలసిన మాట.

రెండో సంగతి. హార్లీ, ఐవీ ఒకే పని చేస్తారు గానీ ఒకే దానికోసం చేయరు. ఐవీకి దోపిడీ అంటే మగవాళ్ల పెత్తనం మీద దెబ్బ. హార్లీకి దోపిడీ అంటే "నన్ను వదిలేసి ఎంత నష్టపోయావో చూడు" అని జోకర్‌కు పంపే కబురు. ఒకే సంచిలో డబ్బు వేసుకుంటూ ఒకరు లోకం మీద పగ తీర్చుకుంటుంటే ఇంకొకరు పాత ప్రేమను తలుచుకుంటున్నారు. హాస్యం అక్కడ ఊరుతుంది. జంట హాస్యం రాసేవాళ్లు తరచుగా ఒకరిని తెలివైనవారిగా, ఇంకొకరిని తెలివితక్కువవారిగా చేసి ఊరుకుంటారు. అలా చేస్తే రెండు మూడు సీన్లు గడుస్తాయి, తర్వాత ప్రతి జోకూ ముందే తెలిసిపోతుంది. తెలివిలో తేడా కంటే కోరికలో తేడా ఎక్కువ దూరం నడిపిస్తుంది. పీచుకు డబ్బు కావాలి సరే, మిఠాయికి ఏం కావాలి? మీ కాగితాల్లో దానికి జవాబు లేదు. డబ్బు తప్ప మరేదైనా పెట్టండి. పేరు పత్రికలో పడాలని కావచ్చు, పీచు ఒక్కసారి తనను మెచ్చుకోవాలని కావచ్చు.

ఇక జోకర్. ఈ ఎపిసోడ్‌లో అసలు విలన్ అతడే. హార్లీ, ఐవీ దొంగలన్నది మనం ఒక్క క్షణం కూడా మరచిపోం, అయినా అతడి పక్కన పెట్టి చూస్తే వాళ్లు మనకు చుట్టాలలా కనిపిస్తారు. కొలవడానికి పక్కన ఇంకొక కొలత ఉండాలి. ముద్దొచ్చే విలన్లను రాసేటప్పుడు వాళ్ల చెడును తగ్గించే బదులు, వాళ్లను చిన్నచూపు చూసే ఇంకో మనిషిని కథలోకి తీసుకురండి. అతడు పెద్ద రాక్షసుడు కానక్కర్లేదు. మీ కథలో దొంగసొత్తు కొనే వ్యాపారి ఉన్నాడు కదా. అతడు మిఠాయిని చూసి "ఈ బరువును ఎందుకు మోస్తున్నావు" అని పీచుతో అంటే చాలు. ఆ మాటకు పీచు ఏం చేస్తాడన్నది మీ ఎపిసోడ్‌కు మూలస్తంభం అవుతుంది.

ఇక్కడ మీరు అడిగిన తన్నుల విషయం కూడా వస్తుంది. పీచు అస్తమానం మిఠాయిని తన్నేలా రాశారు, అది మన సినిమాల అలవాటే అన్నారు. నిజమే, కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట ఎన్నో సినిమాల్లో ఆ తన్నులతోనే థియేటర్లను నవ్వించింది. కానీ ఆ సీన్లు మళ్లీ చూడండి. తన్ను తిన్న బాబూమోహన్ చెదరడు, బెదరడు. మరుక్షణమే లేచి అదే తిక్క ప్రశ్న మళ్లీ వేస్తాడు. కోట అతడిని వదిలిపోలేడు, అతడూ కోటను వదలడు. తన్నినవాడే ఓడిపోయినట్టు ఉంటుంది, అందుకే నవ్వు వస్తుంది. జోకర్ హార్లీని గెంటినప్పుడు అలా ఉండదు. ఆమె ముఖం పడిపోతుంది, మనకు నవ్వు ఆగిపోతుంది. డీని కావాలనే అలా రాశాడు. దెబ్బ ఒకటే, తిన్న మనిషి మొహంలో ఏం కనబడుతుందో దాన్ని బట్టి అది హాస్యమో హింసో అవుతుంది. మీ స్టోరీబోర్డులో తన్ను తర్వాతి ఫ్రేములో మిఠాయి ముఖం గీయలేదు. అది గీయకుండా ఆ సీనును ఖరారు చేయకండి.

హీరో సంగతికి వస్తాను. విలన్లు ముద్దు రావాలంటే హీరోను వెర్రివాడిగా చూపాలని చాలామంది అనుకుంటారు. ‘హార్లీ అండ్ ఐవీ’లో బ్యాట్‌మన్ కనబడేది తక్కువసేపే. బ్యాట్‌మన్‌కు గొంతిచ్చిన కెవిన్ కాన్‌రాయ్ గొంతులో ఒక్క జోకు కూడా దొర్లదు. అతడు జారిపడడు, మోసపోయి నీళ్లు నమలడు. వాళ్లు ఒకసారి అతడిని బంధిస్తారు, అప్పుడు కూడా అతడి హుందాతనానికి లోటు రాదు. చుట్టూ అందరూ ఆడుతూ పాడుతూ ఉంటే అతడొక్కడే కొండలా నిలబడి ఉంటాడు కాబట్టి వాళ్ల ఆట మరింత ఆటగా కనిపిస్తుంది. హీరోకు సమయం తగ్గించండి, గౌరవం తగ్గించకండి.

దీనికి తోడు ఇంకో ఎపిసోడ్ చూడమంటాను, 1994 అక్టోబర్‌లో వచ్చిన ‘హార్లీస్ హాలిడే’. నేరస్తులకు మానసిక చికిత్స చేసే అర్ఖమ్ ఆసుపత్రి నుంచి విడుదలైన హార్లీ బుద్ధిగా బతకాలనుకుంటుంది. దుకాణంలో గౌను కొంటుంది. దానికున్న బిళ్ల తీయకపోవడంతో అలారం మోగుతుంది. తనను పట్టుకోవడానికే అని భయపడి ఆమె పరుగు తీయడంతో ఒకదాని వెంట ఒకటి అనర్థాలు జరిగిపోతాయి. ఆ రోజంతా ఆమె వెనకాలే తిరిగి ఆమెను కాపాడేది బ్యాట్‌మనే. జీవితాన్ని మళ్లీ కట్టుకోవడం ఎంత కష్టమో తనకు తెలుసన్నట్టు మాట్లాడి, చివరికి ఆ గౌను తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. హీరో పెద్దమనసు చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. దొంగను పట్టుకున్నాడు, దొంగకు ఏం పోయిందో కూడా గమనించాడు. నిర్మాత అడుగుతున్న ‘మంచి మాట’ మీ ఎపిసోడ్‌లో ఉండాలంటే దాన్ని దొంగల చేత చెప్పించకుండా హీరో చేత చేయించండి.

ఇప్పుడు మారడం, మారకపోవడం. ‘హార్లీ అండ్ ఐవీ’ చివర్లో అంతా మంటల్లో పేలిపోతుంది. ఇద్దరూ కారులో తప్పించుకుంటారు. మగవాడెవడూ తమను పట్టుకోలేడని ఐవీ గొప్పగా అంటుంది. ఆ మాట నోట్లో ఉండగానే కారు టైరు పేలుతుంది. ఎదురుగా పోలీసు అధికారి రెనే మోంటోయా తుపాకీతో నిలబడి ఉంటుంది. బ్యాట్‌మన్ చేయలేని పనిని ఒక మహిళా పోలీసు చేసింది. ఐవీ మాట అక్షరాలా నిజమైంది, అయినా దొరికిపోయారు. ఇలాంటి ముగింపును నేను ఎంతగానో ఆరాధిస్తాను. నేరానికి శిక్ష పడింది, పాత్రల అభిమానం దెబ్బతినలేదు, నవ్వు వచ్చింది. మూడూ ఒక్క షాట్‌లో.

ఆ తర్వాత చిన్న సీను. ఇద్దరూ అర్ఖమ్ తోటలో మట్టిపని చేస్తుంటారు. ఇంత జరిగినా హార్లీ మళ్లీ జోకర్ గురించే ఆశగా మాట్లాడుతుంది. ఐవీ గుప్పెడు మట్టి తీసి ఆమె ముఖాన కొడుతుంది. ఎవరూ మారలేదు. హార్లీ అలాగే ఉంది, ఐవీ అలాగే ఉంది, ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆ మట్టిలో కోపం ఉంది, చనువూ ఉంది. ఇద్దరూ చెంపలేసుకుని ఇకపై బుద్ధిగా ఉంటామని చెప్పి ఉంటే మరో 26 ఏళ్లకు, 2019లో, హార్లీ పేరుతోనే పెద్దల కోసం ఒక యానిమేషన్ సీరియల్ వచ్చేది కాదు. అందులోనూ కథకు గుండెకాయ వీళ్లిద్దరి బంధమే. మారిపోయిన దొంగలకు రెండో ఎపిసోడ్ ఉండదు. ఈ ఒక్క మాటతో నిర్మాత ఆలోచనలో పడవచ్చు, వ్యాపారం తెలిసిన మనిషైతే తప్పకుండా పడతారు.

మరి మీ పీచు, మిఠాయిలను ఏం చేద్దాం? నాకు తోచిన దారి చెబుతాను. ఒక్క మాట గమనించండి, హార్లీ చేసిన ఫోనే వాళ్లను పట్టించింది. బయటి నుంచి వచ్చిన దురదృష్టం కాదది, ఆమె మనసులోని మెత్తదనం. మీ జంట కూడా వాళ్లలోని మంచితనం వల్లే దొరకాలి. బ్యాంకుకు బదులు నగల దుకాణం అనుకుందాం. కరెంటు తీగలు కోసి లోపలికి వెళ్లారు. మిఠాయికి చీకటంటే భయం, అది పీచుకు తెలుసు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నాను. మాట్లాడకు."

"మాట్లాడకపోతే ఉన్నావని ఎలా తెలుస్తుంది?"

"నా చొక్కా పట్టుకో."

"పట్టుకున్నాను. ఇది చొక్కాయేనా? వెంట్రుకలు తగులుతున్నాయి."

"అది నా మీసం. వదులు."

పీచు పని చేసుకోలేకపోతాడు. వెనకాల మిఠాయి పళ్లు టకటకమని కొట్టుకునే శబ్దం. చివరికి జేబులోంచి కొవ్వొత్తి తీస్తాడు. వెలిగిస్తే బయటికి కనబడుతుందని వాడికి తెలుసు. కిటికీ వంక చూస్తాడు, మిఠాయి వంక చూస్తాడు, మళ్లీ కిటికీ వంక చూస్తాడు. వెలిగిస్తాడు. మిఠాయి హాయిగా ఊపిరి పీల్చుకుని "అబ్బ, ఇప్పుడు బాగుంది" అంటాడు. ఎక్కడో దూరాన మేడ మీద నిలబడిన మీ హీరో కళ్లకు ఊరంతటి చీకటిలో ఒకే ఒక్క వెలుగు కనబడుతుంది.

ఇందులో దొంగతనాన్ని మెచ్చుకున్నది ఏమీ లేదు. దొరికిపోయారు. హీరో తెలివిగానే పట్టుకున్నాడు. కానీ పీచు కొవ్వొత్తి వెలిగించిన క్షణాన్ని చూసిన పిల్లలు వాడిని మరచిపోరు. జైల్లో రాత్రి దీపాలార్పే వేళకు ఏం జరగాలో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అక్కడ హీరోను కూడా వాడుకోవచ్చు.

బొమ్మల విషయంలో రెండు మాటలు. హార్లీ, ఐవీలను నల్లటి నీడలుగా చూపినా ఎవరెవరో తెలిసిపోతుంది. ఒకరికి రెండు కొమ్ములున్న విదూషకుల టోపీ, ఇంకొకరికి భుజాల మీద పరుచుకున్న జుట్టు. ఒకరు ఎరుపు నలుపు, ఇంకొకరు ఆకుపచ్చ. కదలికలోనూ అంతే, హార్లీ ఒకచోట నిలవదు, ఐవీ అవసరం లేకుండా వేలు కూడా కదపదు. మీ ఇద్దరూ ఎత్తులో తేడా తప్ప ఒకేలా నడుస్తున్నారు. పీచుకు తొందర నడక ఇస్తే మిఠాయికి నింపాది నడక ఇవ్వండి. ఇద్దరినీ వీలైనంతవరకు ఒకే ఫ్రేములో ఉంచండి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి ముఖం కనబడాలి. మాట్లాడేవారి మీదికి కెమెరా మార్చుకుంటూ పోతే జంట విడిపోతుంది, ఇద్దరు వేర్వేరు మనుషుల కథ అవుతుంది.

అల్లరి ఎంతవరకు అన్నది కూడా అడిగారు. ఆ ఎపిసోడ్‌లో రోడ్డు మీద కొందరు కుర్రాళ్లు కారులోంచి వీళ్లను ఏడిపించబోతారు. హార్లీ పెద్ద తుపాకీ ఎత్తుతుంది. కుర్రాళ్లు కారు వదిలి పరుగెత్తుతారు, ఆ తర్వాతే కారు పేలుతుంది. పిల్లలు చూసే చానల్ కాబట్టి అక్కడా కట్టుబాట్లు గట్టిగానే ఉండేవి. ప్రాణం పోలేదని స్పష్టంగా కనబడింది, అల్లరి చేసినవాళ్లకు బుద్ధి వచ్చింది. నష్టం వస్తువులకు జరగాలి, భయం తగినవారికి కలగాలి. ఈ కొలత మీకూ సరిపోతుంది. నగల దుకాణం యజమానిని ముసలాయనగా చూపినా, ఆయన్ను భయపెట్టే సీను మాత్రం పెట్టకండి. అక్కడ మీ జంట మీద పిల్లల మనసు విరిగిపోతుంది.

డబ్బింగ్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఆ సీరియల్‌కు గొంతుల బాధ్యత చూసిన ఆండ్రియా రొమానో వీలైనంతవరకు నటులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేయించేది. ఆర్లీన్ సార్కిన్ గొంతు పైస్థాయిలో గలగలమంటుంది, ఐవీకి గొంతిచ్చిన డయాన్ పెర్షింగ్ స్వరం కింది స్థాయిలో నెమ్మదిగా సాగుతుంది. ఒకరి మాట చివర ఇంకొకరు అందుకోవడం, ఒకరి నవ్వులో ఇంకొకరి నిట్టూర్పు కలవడం, ఇవన్నీ ఎదురెదురుగా ఉంటేనే కుదురుతాయి. మన దగ్గర ఖర్చు కోసం, తేదీల కోసం ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి రికార్డు చేసి తర్వాత అతికిస్తుంటాం. మిగతా పాత్రలకు అలాగే చేసుకోండి. పీచు, మిఠాయి గొంతులను మాత్రం ఒకే పూట, పక్కపక్కన రెండు మైకులు పెట్టి తీయండి. కాగితంలో లేని మాటలు వాళ్ల నోట వస్తే ఆపకండి. బొమ్మలు ఎలాగూ గొంతుల తర్వాతే కదులుతాయి కాబట్టి ఆ మాటలకు తగ్గట్టు గీసుకోవచ్చు.

నిర్మాతతో వాదనకు దిగే ముందు ఆ కొవ్వొత్తి సీను ఒక్కదాన్ని నిమిషంన్నర యానిమాటిక్‌గా (ముతక గీతల బొమ్మలను గొంతులతో కలిపి వరసగా నడిపే నమూనా) చేసి చూపించండి. గీతలు ముతకగా ఉన్నా పరవాలేదు, రంగులు అక్కర్లేదు. పీచు కిటికీ వంకా మిఠాయి వంకా చూసే మూడు చూపుల్లో ప్రతి చూపునూ కనీసం ఒక సెకను నిలపండి, తొందరపడి కోయకండి. సంగీతం వేయకండి. గొంతులు, పళ్ల చప్పుడు, అగ్గిపుల్ల గీసిన శబ్దం, అంతే. వాటితోనే గదిలో ఉన్నవాళ్లు నవ్వితే ముగింపు మార్చమని ఆయన మళ్లీ అడగరు. నవ్వకపోతే సంగీతం జోడించే బదులు మూడు చూపుల నిడివి మార్చి మళ్లీ చూపించండి.